సైజు కలవని డిస్కులన్నీ ఒకే మౌంట్‌లో: బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడితే ఎలా ఉంటుంది

ఇంట్లో తలో సైజు హార్డ్ డిస్కులు పడి ఉంటే లైనక్స్‌లో నేను ముందు చూసేది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (Btrfs) అనే ఫైల్‌సిస్టమ్‌నే, అంటే డిస్కుల్లో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతి. 2009లో లైనక్స్ 2.6.29 కెర్నెల్‌తో (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వచ్చింది, కొత్త సరుకేం కాదు. రెండు 4 టీబీలు, ఒక 8 టీబీ కలిపి రెయిడ్1 పెడితే 8 టీబీ చేతికొస్తుంది, ప్రతి డేటాకీ రెండు కాపీలు వేర్వేరు డిస్కుల్లో ఉంటాయి.

మౌంట్ చేయడం, అంటే డిస్కుల్ని సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌లా తెరవడం, చాలా తేలిక. గ్రూపులో ఏ ఒక్క డిస్క్ పేరు ఇచ్చినా మొత్తం మౌంట్ అయిపోతుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్) మాత్రం యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే మారని గుర్తింపు సంఖ్య) రాసుకోండి, ఎందుకంటే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌కి మారిపోవచ్చు. మిగతా డిస్కులు కెర్నెల్‌కి ఇంకా తెలియకపోతే ‘బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అంటూ గుండె ఆగే మెసేజ్ వస్తుంది. టెన్షన్ పడకండి, ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డివైస్ స్కాన్’ కొట్టి మళ్లీ ప్రయత్నించండి, చాలాసార్లు అంతే.

అసలు చిరాకు ఒక డిస్క్ పోయినప్పుడు. రెండో కాపీ భద్రంగా ఉన్నా మామూలుగా మౌంట్ కాదు, మొరాయిస్తుంది. డిస్క్ తక్కువైనా మౌంట్ చేయమని చెప్పే ‘డిగ్రేడెడ్’ ఆప్షన్ మనమే ఇవ్వాలి. దాన్ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో శాశ్వతంగా పెట్టేయమని ఎవరైనా చెబితే వినకండి, బూట్‌లో ఒక డిస్క్ ఆలస్యంగా లేచినా అది లేకుండానే రాతలు మొదలైపోతాయి.

డీఎఫ్ (డిస్కులో ఖాళీ చూసే మామూలు కమాండ్) చూపించే ఖాళీ ఉజ్జాయింపు లెక్కే, ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్’ చూడండి. రెయిడ్5, 6 జోలికి వెళ్లొద్దు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డాక్యుమెంటేషనే వద్దంటోంది. నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటీ కోసింది డిగ్రేడెడ్ తలనొప్పికే.