పాలమూరు రాతి ఇంట్ల స్నాప్‌కాస్ట్

మాది మహబూబ్‌నగర్ల పాత రాతిగోడల ఇల్లు. హాల్ల బ్లూటూత్ స్పీకర్ పెడితే వంటింట్ల అమ్మకు పాట సరిగ్గ వినబడకపోయేది. ఇప్పుడు ఒకటే పాటను అన్ని అర్రలల్ల ఒకేసారి వాయించే స్నాప్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన. ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిల పట్టే చిన్న కంప్యూటర్) మీద దాని సర్వర్, అర్రకొక చిన్న పై, వాటికి ఇంట్ల ఉన్న పాత స్పీకర్లే. సాఫ్ట్‌వేర్ ఉచితం. సర్వర్ ప్రతి ఆడియో ముక్కకు టైం గుర్తు పెట్టి పంపుతది, అన్ని పైలు ఆ టైంకే వాయిస్తయి. తేడా మామూలుగా 0.2 మిల్లీసెకన్ల లోపే అంటరు తయారుచేసినోళ్లు. హాల్ నుంచి వంటింట్లకు నడిస్తే నాకైతే ఎక్కడా పాట రెండుగ వినబడలే. ఏ అర్ర సౌండ్ ఆ అర్రకు ఫోన్ల నుంచే తగ్గించొచ్చు. నాయనమ్మ పండుకునే అర్రకు ఇదే పెద్ద సుఖం. రాతిగోడలుంటే 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 వైఫై నయం, సర్వర్‌కైతే రౌటర్ నుంచి కేబులే గుంజుండ్రి. లినక్స్ కమాండ్లు కొట్టే ఓపిక లేనోళ్లకు మాత్రం ఇది చెప్పను.