చెత్త పిక్ ఎవరిది? బౌవీ, ఓడెన్, డార్కో, మధ్యలో ఓ అదృష్టవంతుడు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అతి చెత్త ఎంపిక (పిక్) ఏదని ఎవర్నడిగినా ముందు వినిపించే పేరు శామ్ బౌవీ. 1984లో పోర్ట్‌లాండ్ రెండో నంబరుకి అతన్ని తీసుకుంది. మూడో నంబరుకి షికాగో మైకేల్ జోర్డాన్‌ని తన్నుకుపోయింది. ఇంకేం కావాలి అంటారు. నాకు మాత్రం ఆ తీర్పు సగమే సబబనిపిస్తుంది. జరిగిపోయాక తిట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పేరు పిలిచిన ఆ రోజు వాళ్ల కళ్లముందు ఏముందో అదీ చూడాల్సింది.

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలా ఇక్కడ పాట పాడేది ఉండదు. కిందటి సీజన్లో బాగా ఓడిన జట్లకే ముందు వంతు. అలాగని కావాలని ఓడిపోతారేమోనని 1985 నుంచి లాటరీ పెట్టారు. 1990ల నుంచి వాడుతున్న పద్ధతి చూడ్డానికి సరదాగా ఉంటుంది. 1 నుంచి 14 దాకా అంకెలేసిన పింగ్‌పాంగ్ బంతుల్ని యంత్రంలో వేసి తిప్పి నాలుగు తీస్తారు. 1001 కలయికలు వస్తాయి. ఒకటి పక్కన పడేసి మిగతా వెయ్యీ జట్లకి పంచుతారు, బాగా ఓడినవాళ్లకి ఎక్కువ. కోట్ల డాలర్ల జాతకం ఆ బంతుల్లో ఉంటుంది.

ఇక బౌవీ. ఎద్దును కొనేవాడు ముందు కాళ్లు చూస్తాడు. కెంటకీ యూనివర్సిటీలో ఉండగానే ఎడమ మోకాలి కింది ఎముక చిట్లి ఇతను రెండు సీజన్లు పూర్తిగా ఆడలేదు. అది అందరికీ తెలుసు. పోర్ట్‌లాండ్ వాళ్లు డాక్టర్లతో పరీక్ష చేయించారు కూడా. చిన్న సుత్తితో ఆ ఎముక మీద తడుతూ నొప్పిగా ఉందా అనడిగితే ఏమీ లేదన్నానని, లోపల మాత్రం నొప్పేసిందని 2012లో వచ్చిన ఓ డాక్యుమెంటరీలో బౌవీ తనే చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. జీవితమంతా ఎదురుచూసిన రోజు, ఎవడు మాత్రం నొప్పి అంటాడు? పోర్ట్‌లాండ్ లెక్కేమిటంటే, జోర్డాన్ ఆడే చోట ఆడ్డానికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అప్పటికే ఉన్నాడు, కావలసింది సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి. దానికి తగ్గ ఫలితమే వచ్చింది. ఐదు సీజన్లలో బౌవీ ఆడినవి 139 మ్యాచ్‌లు. ఒక్కో సీజన్‌కి 82 ఉంటాయి.

కానీ చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. 1989లో బౌవీని ఇచ్చి బక్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ జట్టే 1990లోనూ 1992లోనూ ఫైనల్స్‌కి వెళ్లింది. 1992లో ఎదురుపడింది జోర్డానే అనుకోండి. మొదటి మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి 35 పాయింట్లు, అందులో ఆరు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కొట్టి, నేనేం చెయ్యను అన్నట్టు భుజాలెగరేశాడు.

అదే పోర్ట్‌లాండ్‌కి 2007లో మొదటి నంబరు దక్కింది. గ్రెగ్ ఓడెన్‌ని తీసుకుంది. రెండో నంబరుకి సియాటిల్ కెవిన్ డ్యురాంట్‌ని పట్టుకుపోయింది. ఓడెన్ తొలి సీజన్ మొదలవకముందే మోకాలి ఆపరేషన్, ఏడాదంతా వృథా. పోర్ట్‌లాండ్ తరఫున మొత్తం ఆడింది 82 మ్యాచ్‌లు, సరిగ్గా ఒక సీజన్. బౌవీ కథే మళ్లీ జరిగింది అంటారు గానీ నేనొప్పుకోను. ఆ ఏడాది నిపుణుల్లో ఎక్కువమంది ఓడెన్ వైపే ఉన్నారు. డ్యురాంట్ ఏమో డ్రాఫ్ట్ ముందు పరీక్షల్లో 84 కిలోల బార్‌ని బెంచ్ మీద ఒక్కసారి కూడా లేపలేకపోయాడు. మీరైనా నేనైనా ఓడెన్‌నే తీసుకునేవాళ్లం. అది ఖర్మ, తప్పు కాదు. 2013లో క్లీవ్‌లాండ్ మొదటి నంబరుకి ఆంథనీ బెన్నెట్‌ని తీసుకున్నదీ అంతే. బెన్నెట్ తేలిపోయాడు, కానీ తర్వాత పెద్ద స్టార్ అయిన యానిస్‌ని కూడా పదిహేనో నంబరు దాకా ఎవరూ ముట్టుకోలేదు. అందరూ చూడనిదాన్ని క్లీవ్‌లాండ్ ఒక్కదాని నెత్తిన రుద్దితే ఎలా?

నా లెక్కలో అన్నిటికంటే చెత్త పిక్ 2003లో డెట్రాయిట్‌ది. మొదటి నంబరు లెబ్రాన్, దాన్ని వదిలెయ్యండి. రెండో నంబరుకి డెట్రాయిట్ సెర్బియా కుర్రాడు డార్కో మిలిచిచ్‌ని తీసుకుంది. వెనకాల వరసగా కార్మెలో ఆంథనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్. ముగ్గురూ తర్వాత దిగ్గజాల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. కాలు విరిగిందా, మోకాలు పోయిందా? ఏమీ కాలేదు. కార్మెలో చోటుకి టేషాన్ ప్రిన్స్ ఉన్నాడుగా అనుకున్నారు. అంతకంటే ఆశ్చర్యం, తెచ్చుకున్నవాణ్ణి ఆడించనూ లేదు. తొలి సీజన్లో 34 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి ఐదు నిమిషాలైనా లేవు. గెలుపు ఖాయమయ్యాకే దింపేవారు కాబట్టి గెలిచాక వెలిగించే ‘విజయపు చుట్ట’ అని ఎగతాళి చేసేవారు. అయినా ఆ ఏడు ఛాంపియన్లు వాళ్లే కదా అంటారు డెట్రాయిట్ అభిమానులు. నిజమే. 2006లో తూర్పు విభాగం ఫైనల్లో వాళ్లని ఓడించి, ఆ పై ట్రోఫీ కూడా ఎత్తుకుపోయింది వేడ్ ఉన్న మయామీయే, అది కూడా గుర్తు చేసుకోవాలి మరి.

మంచి పిక్‌ల సంగతికొస్తే అందరూ టిమ్ డంకన్ అంటారు. 1997, మొదటి నంబరు, శాన్ ఆంటోనియో, 19 సీజన్లు, ఐదు టైటిళ్లు. ఫలితంలో దానికి సాటి లేదు. కానీ అందులో తెలివేముంది? జట్టు స్టార్ డేవిడ్ రాబిన్సన్ గాయంతో ఆరు మ్యాచ్‌లే ఆడిన ఏడాది జట్టు 62 ఓడింది, లాటరీ కలిసొచ్చింది. ఆ చీటీ మీద ఏ పేరు రాయాలో చిన్నపిల్లాడికీ తెలుసు. నన్నడిగితే ఎంపిక అంటే 1995లో మిన్నెసోటాది. అప్పటికి ఇరవయ్యేళ్లుగా హైస్కూల్ నుంచి నేరుగా ఎవర్నీ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. కెవిన్ గార్నెట్ షికాగోలో ఆడి చూపిస్తుంటే మిన్నెసోటా పెద్దలు వెళ్లింది అతన్ని తీసుకోడానికి కాదట. బయట తెగ పొగిడితే ఇంకో జట్టు ఎగబడి తీసుకుంటుంది, తమకి కాలేజీ కుర్రాడెవడో మిగులుతాడని ఎర వెయ్యడానికి. కళ్లారా చూశాక నోరు మూసుకుని వచ్చి ఐదో నంబరుకి తామే తీసుకున్నారు. అంతవరకు ప్లేఆఫ్స్ మొహం చూడని జట్టు 1997 నుంచి 2004 దాకా ఏటా వెళ్లింది. టైటిల్ మాత్రం రాలేదు. గార్నెట్‌కి అది 2008లో బోస్టన్‌లో దక్కింది.

బోస్టన్ అంటే గుర్తొచ్చింది. డంకన్ తమకే వస్తాడని 1997లో ఆశపడి భంగపడ్డ జట్టది. మూడో నంబరుతో సరిపెట్టుకుని చాన్సీ బిలప్స్‌ని తీసుకుంది. పట్టుమని 51 మ్యాచ్‌లు ఆడించి వదిలించుకుంది. ఆ తర్వాత అతను ఊరూరూ తిరిగి డెట్రాయిట్ చేరాడు. 2004 ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఆ జట్టు బెంచీ చివర కూర్చున్న డార్కో ఆట మానేశాక సెర్బియా వెళ్లి ఆపిల్ తోటలు వేసుకున్నాడు.