పెంటాక్స్ కె1000తో ఆరేళ్లు

ఈ ఆరేళ్లలో ఎనభై రీళ్లకు పైనే తీశాను. సగం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళ తీసినవి. మిగతావి ఇంట్లోవాళ్ల ఫోటోలు. పాత మాన్యువల్ కెమెరాతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మంచి స్థితిలో దొరికితే కె1000 ధైర్యంగా కొనుక్కోండి. దాంట్లో వెలుతురు కొలిచే మీటర్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకండి.

పెంటాక్స్ దీన్ని 1976 నుంచి 1997 దాకా తయారుచేసింది. అన్నేళ్లు అదే మోడల్ వచ్చింది కాబట్టే సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతోంది. షట్టర్ స్పీడు, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), ఫోకస్ అన్నీ చేత్తో పెట్టుకోవాల్సిందే. బటన్ సెల్ ఒకటి ఉంటుంది, అది మీటర్‌కి మాత్రమే. సెల్ అయిపోయినా షట్టర్ ఆగదు. మీటర్‌కి స్విచ్ లేదు. లెన్స్‌కి మూత పెట్టడమే దాన్ని ఆపడం. నేను మూత పెట్టకుండా బల్ల మీద వదిలేసి రెండు సెల్స్ పోగొట్టుకున్నాను.

ఇక మీటర్ సంగతి. వ్యూఫైండర్‌లో కుడి పక్కన చిన్న ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. మధ్యకొస్తే వెలుతురు సరిపోయిందని లెక్క. మొదటి రీళ్లన్నీ ఆ ముల్లుని బుద్ధిగా మధ్యలో నిలబెట్టి తీశాను. ఆకాశం తెల్లగా వచ్చింది, దాని ముందున్న మనుషులు నల్లటి నీడల్లా మిగిలారు. ఎదురుగా ఏమున్నా మీటర్ మొత్తం కలిపి సగటు చూసి, అది మధ్యస్థంగా బూడిద రంగులో ఉందనుకుంటుంది. వెనక ఆకాశం వెలిగిపోతుంటే వెలుతురు తగ్గించమంటుంది. ఇది అర్థం కావడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ముందు నా అరచేతిని చూపిస్తాను. ఎదుటి మనిషి మొహం మీద పడే వెలుతురే అరచేతి మీదా పడేలా తిప్పి, ఫ్రేము నిండా చెయ్యి కనిపించేలా పెట్టి, ముల్లుని మధ్యకు తెస్తాను. అరచెయ్యి ఆ బూడిద రంగు కంటే కాస్త తెలుపు కాబట్టి అక్కణ్ణుంచి ఒక స్టాప్ తెరుస్తాను, అంటే లోపలికొచ్చే వెలుతురుని రెట్టింపు చేస్తాను. అపర్చర్ ఎఫ్8 దగ్గర ముల్లు మధ్యకొస్తే ఎఫ్5.6కి మారుస్తానన్నమాట. ఇక ముల్లు ఎటు ఊగినా పట్టించుకోను. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఇదంతా చూసి, "ఏటి బాబూ, నీ సెయ్యి నువ్వే తీసుకుంటన్నావా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఫోటోలో ఉంది. ఉప్పునీళ్లకు పగిలిన వేళ్లు, బొటనవేలికి చుట్టుకున్న నైలాన్ దారం, ఆయన వెనక తెల్లారుతున్న ఆకాశం, అన్నీ ఉన్నాయి. ఎనభై రీళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో అదే.

నన్ను బాగా ఏడిపించింది రీలు ఎక్కించడం. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి రోజంతా తీశాను. 36 ఫోటోల రీలు, కెమెరా మీద నంబరు 36 దాటి 38కి వచ్చినా రీలుని ముందుకు జరిపే లీవర్ తేలిగ్గా తిరుగుతూనే ఉంది. రీలు కొస లోపలి చుట్టుకునే ఇరుసుకి అసలు పట్టుకోనేలేదు. ఒక్క ఫోటో రాలేదు. పిల్ల ఏమీ అనలేదు గానీ అక్క మొహం ఇప్పటికీ గుర్తుంది. వెనక తలుపు మూశాక, ఎడమవైపు రీలు వెనక్కి చుట్టే మీటని బిగుతు తగిలేదాకా నెమ్మదిగా తిప్పండి. లీవర్ లాగినప్పుడల్లా ఆ మీట కూడా తిరుగుతుంటే రీలు కదులుతున్నట్టే. నేను ప్రతి ఫోటోకీ అటు ఒకసారి చూస్తాను.

బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇంట్లోనే కడుగుతాను. ఎక్కువగా వాడేది ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. డీ-76 అనే ఫిల్మ్ కడిగే మందులో, నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. పుస్తకంలో 20 అని ఉంటుంది, మే నెలలో మా కుళాయి నీళ్లు 30 దాటుతాయి. బేసిన్‌లో ఐస్ ముక్కలు వేసి, మందు సీసాని అందులో నిలబెట్టి, థర్మామీటర్ దిగేదాకా కూర్చుంటాను. అంతకంటే కష్టం వెలుతురు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి రీలుని కడిగే డబ్బాలోని చక్రానికి ఎక్కించడం. చెమటకి ఫిల్మ్ సగంలో అతుక్కుపోతుంది. అందుకే ఎండాకాలం ఆ పని రాత్రి పదకొండు తర్వాతే పెట్టుకుంటాను.

ఖర్చు తక్కువేం కాదు. కలర్ రీలు, కడిగించడం, స్కాన్ కలిపి ఒక్కో ఫోటోకి నాకు దాదాపు 40 రూపాయలు పడుతోంది. అందుకని కలర్ పండగలకీ శుభకార్యాలకీ మాత్రమే వాడుతున్నాను.

కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి అంచుల్లో ఉన్న నల్ల స్పాంజిని వేలితో తాకండి. జిగటగా అంటుకుంటే వెలుతురు లోపలికి కారుతుంది, మార్పించాలి. లెన్స్‌లోంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. నా మొదటి లెన్స్ బాగానే ఉండేది, సముద్రపు గాలికి రెండో వానాకాలంలో బూజు పట్టింది. ఇప్పుడున్నది బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటుంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరగ్గానే పొట్లాలు మార్చేస్తున్నాను.