ఓబ్రా డిన్నా, ఎల్.ఏ. నోయిరా?

డిటెక్టివ్ గేమ్ ఏది ఆడాలి అంటే నేను ముందు ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ అంటాను. 1807లో మనుషుల్లేకుండా తిరిగొచ్చిన ఓడ, అందులోని 60 మందీ ఎవరెవరో, ఏమయ్యారో మనమే తేల్చాలి, శవం దగ్గర గడియారం తెరిస్తే చావుకి ముందు మాటలు వినిపించి, ఆ చావు క్షణం బొమ్మలా ఆగిపోయి కనిపిస్తుంది, అంతే, మిగతాదంతా యాస విని, బట్టలు చూసి, చివరికి ఉయ్యాల పడక మీది నంబరు చూసి కూడా పట్టుకోవాల్సిందే. ముగ్గురేసి పేర్లూ, వాళ్లు ఏమయ్యారన్నదీ కరెక్టయితేనే గేమ్ ఒప్పుకుంటుంది కాబట్టి గుడ్డిగా కొట్టేయడం కష్టం.

2011 నాటి ‘ఎల్.ఏ. నోయిర్’ వేరే రకం. 1947 లాస్ ఏంజెలెస్, కార్లు, కాల్పులు. విచారణలో నిజమైన నటుల ముఖాల్లో అబద్ధం పసిగట్టడం భలే ఉంటుంది, కానీ ఆధారం దగ్గరికెళ్లగానే టింగుమని చెప్పేస్తుంది, తప్పు ప్రశ్న వేసినా కథ సాగిపోతుంది. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చినరోజు మాత్రం నాకు ఇదే హాయి.