కేసు పడ్డ గ్రీన్ కార్డ్ వాళ్లకి ఇమ్మిగ్రేషన్ లాయర్ కన్సల్టేషన్ - డాలస్‌లో మా అనుభవం

గంటకి 250 డాలర్లు. అప్పుడు ఎక్కువనిపించింది, ఇప్పుడు అనిపించట్లేదు.

మా తమ్ముడు గ్రీన్ కార్డ్ మీద ఇక్కడ దిగి మూడేళ్లు కాకముందే ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర దొరికిపోయాడు. బిల్లు కట్టని సరుకు 812 డాలర్లని రాశారు. తప్పు వాడిదే, వెనకేసుకు రావడం లేదు. మొదట పెట్టుకున్న క్రిమినల్ లాయర్ "డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకున్నాక కోర్టు తీర్పు ఆపి కొంతకాలం గమనించడం) తీసుకోండి, బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు" అన్నాడు. మేం ఊపిరి పీల్చుకున్నాం. కోర్టు తారీఖు తొమ్మిది రోజుల్లో ఉందనగా గుళ్లో పరిచయమైన ఒకాయన, సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగండి బాబూ అన్నారు కాబట్టి సరిపోయింది.

మేం కలిసిన ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆవిడ ఛార్జ్ కాగితం తీసుకుని "క్లాస్ ఎ" అన్న మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. టెక్సస్‌లో దొంగతనం విలువ 100 నుంచి 750 డాలర్ల లోపైతే క్లాస్ బి, జైలు గరిష్ఠంగా 180 రోజులు. 750 దాటితే క్లాస్ ఎ, ఏడాది వరకు వేయొచ్చు. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు చేసిన ఇలాంటి నేరానికి ఏడాది శిక్ష పడే వీలుంటే చాలు, ఒక్క రోజు జైల్లో లేకపోయినా డిపోర్ట్ చేయొచ్చట. అంటే 62 డాలర్ల తేడా! పైగా నేరం ఒప్పుకుని డిఫర్డ్ తీసుకుంటే, తర్వాత రాష్ట్రం కేసు కొట్టేసినా 1996 చట్టం ప్రకారం ఇమ్మిగ్రేషన్ వాళ్ల లెక్కలో అది శిక్ష పడ్డట్టే. ఈ మాట మొదటాయన చెప్పనే లేదు. చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లోనే పడియా కేసులో తేల్చింది. ఆ పడియా వియత్నాంలో అమెరికా తరఫున యుద్ధం చేసినవాడు, నలభై ఏళ్లకు పైగా ఇక్కడున్నవాడు, ఆయనకీ లాయరు "ఏం భయం లేదు" అనే చెప్పాడట. అది విన్నాక మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తర్వాత ఆవిడే మా క్రిమినల్ లాయర్‌కి ఉత్తరం రాసి, నేరం ఒప్పుకోకుండా చేసే ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకి ముందే పెట్టిన షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) అడిగించారు. ప్రాసిక్యూటర్ సరేనన్నారు. ఆ కాగితాల్లో నాలుగో పేజీలో "నేను చేశానని ఒప్పుకుంటున్నాను" అన్న వాక్యం ఒకటి ఉంటే అది తీయించే దాకా సంతకం పెట్టనివ్వలేదు. కేసు తేలేదాకా ఇండియా వెళ్లొద్దు, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఆపేయొచ్చు అన్నారు. దాంతో వాడు మా బాబాయ్ కూతురి పెళ్లికి వెళ్లలేదు. ఏడు నెలలకి కేసు కొట్టేశారు.

మెయిల్‌కి జవాబు మూడు రోజులు పడుతుంది, ఆ టెన్షన్‌లో అది చాలా కష్టం. మొత్తం 1,400 డాలర్లయింది. వెళ్లేటప్పుడు ఛార్జ్ కాగితంతో పాటు పాస్‌పోర్ట్ కూడా పట్టుకెళ్లండి. మేం మర్చిపోయాం, దిగిన తారీఖు కోసం ఇంటికి ఫోన్ చేయడంలోనే పావుగంట పోయింది.