జీపీఎస్ పాయింట్లను మీటర్లలోకి మార్చాలంటే యూటీఎమ్ మేలా, వెబ్ మెర్కేటర్ మేలా?

జీపీఎస్ మనకిచ్చేది డిగ్రీలు. దూరం, వైశాల్యం కావాలంటే మీటర్లు కావాలి. డిగ్రీలతో నేరుగా కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర దాదాపు 111 కిలోమీటర్లుంటే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి అందులో సగమే. అందుకే గ్రిడ్‌లోకి, అంటే చదునైన మ్యాపు మీద మీటర్లలో వేసిన గళ్లలోకి, మార్చుకోవాలి. ఏ గ్రిడ్ అన్నదే ప్రశ్న.

ఎక్కువమంది వెబ్ మెర్కేటర్ వైపు వెళతారు. ఆన్‌లైన్ మ్యాపులన్నీ దాదాపు ఇదే వాడతాయి, సూత్రం రెండు లైన్లు, ప్రపంచమంతటికీ ఒకే గ్రిడ్. కానీ ఆ మీటర్లు నేల మీద మీటర్లు కావు. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర వైశాల్యం రెండింతలు కనిపిస్తుంది, 60 దగ్గర నాలుగింతలు. స్క్రీన్ మీద చూపించడానికి ఇది బాగుంటుంది. కొలతలకు మాత్రం వాడకండి.

యూటీఎమ్ (యూనివర్సల్ ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్) పద్ధతి వేరు. భూమిని 6 డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా కోసి, ఒక్కో జోన్‌కు విడిగా గ్రిడ్ వేస్తారు. జోన్ నడిమి రేఖ దగ్గర స్కేలు 0.9996, అంటే కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. భూమధ్యరేఖ వద్ద జోన్ అంచుకు పోతే కిలోమీటరుకు దాదాపు మీటరు ఎక్కువ. మామూలు కొలతలకు ఈ తేడా లెక్కలోకే రాదు. నడిమి రేఖకు తూర్పు విలువ (తూర్పు-పడమర దిశలో స్థానం చెప్పే అంకె) 5,00,000 మీటర్లని పెట్టడం వల్ల తూర్పు విలువ ఎక్కడా మైనస్‌లోకి పోదు.

చిక్కంతా జోన్లతోనే. తూర్పు, ఉత్తర విలువల ఒకే జత 60 జోన్లలోనూ ఉంటుంది కాబట్టి జోన్ నంబరు, ఉత్తరార్ధగోళమో దక్షిణార్ధగోళమో రాయకపోతే ఆ పాయింటు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. రెండు జోన్ల మీదుగా పోయే పొడవాటి రోడ్డుకో నదికో యూటీఎమ్ ఇబ్బందే. అలాంటప్పుడు డిగ్రీలనే ఉంచి, ఎలిప్సాయిడ్ (భూమికి నమూనాగా తీసుకునే, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న గోళం) మీద దూరం లెక్కగట్టడం మంచిది. ఒకే జోన్‌లో ఒదిగే పనికి మాత్రం నేను యూటీఎమ్మే అంటాను.

ఇక సూత్రాన్ని ఎక్సెల్‌లో సొంతంగా రాసుకోవాలా, లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వాడాలా? నేర్చుకోవడానికి ఒకసారి రాసి చూడండి, చాలా అర్థమవుతుంది. అసలు పనికి మాత్రం ప్రాజ్ (PROJ) లాంటి లైబ్రరీయే సురక్షితం. యూటీఎమ్ సూత్రం పొడవాటి శ్రేణి, ఒక్క పదం జారినా ఫలితం నమ్మేలాగే కనిపిస్తుంది. పైగా పాత మ్యాపు వేరే డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను కొలవడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) మీద ఉంటే, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ అనుకుని మార్చిన పాయింటు వంద మీటర్లకు పైగా పక్కకు జరగొచ్చు. ఏ డేటమ్ నుంచి ఏ డేటమ్‌కో చెబితే లైబ్రరీ ఆ మార్పు కూడా చేసిపెడుతుంది.

లైబ్రరీ వాడినా రెండు చోట్ల జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములు ముందు అక్షాంశం అడుగుతాయి, కొన్ని రేఖాంశం. అలాగే 30 నిమిషాలంటే 0.30 కాదు, 0.5 డిగ్రీ. మార్చాక కూడా అసలు డిగ్రీల కాలమ్‌ను తీసేయకండి, రేపు ఇంకో గ్రిడ్ కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.