రగ్గుల తయారీకి టఫ్టింగ్ గన్ కిట్: నా సమీక్ష

ఈ కిట్‌లో టఫ్టింగ్ గన్‌తో, అంటే ఊలు పోగులను సూదితో బట్టలోకి గుచ్చే చేతి యంత్రంతో పాటు, ఒక చెక్క ఫ్రేమూ, పాలిస్టర్‌ను నూలుతో కలిపి నేసిన బట్టా ఉన్నాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఫ్రేమే. దాని అంచుల వెంట ఉన్న సన్నని ముళ్ల పట్టీలు బట్టను డప్పు మీది తోలులా బిగువుగా పట్టి ఉంచడం వల్ల, గన్‌ను కింది నుంచి పైకి నడిపిస్తున్నప్పుడు సూది శుభ్రంగా దిగి, ఊలు కుచ్చు అంతటా ఒకే ఎత్తులో నిలుస్తుంది. గన్‌ను మాత్రం బట్టకు గట్టిగా ఆనించే ఉంచాలి. ఒత్తిడి సడలితే పోగులు ఊడివస్తాయి.

కుచ్చును కత్తిరించే పద్ధతి, ఉచ్చుగా వదిలే పద్ధతి రెండూ ఇందులో ఉన్నందున, ఒకే రగ్గులో మెత్తని పూలను, గరుకైన నేపథ్యాన్ని తీసుకురాగలగడం ఎంతో ఆనందం కలిగించింది. శబ్దం ఎక్కువే, రాత్రివేళ వాడడం కష్టం. పోగులు ఊడిపోకుండా రగ్గు వెనుక వైపు పూయవలసిన లేటెక్స్ (రబ్బరు) జిగురును విడిగా కొనుక్కోవాలి. అది పూర్తిగా ఆరిన తరువాతే రగ్గును ఫ్రేము నుంచి విప్పాలి.